నేర్పే పూటకు కూలి ఎవరిస్తారు?

(చౌటుప్పల్‌లో చేనేత కుటుంబాలు, సహకార సంఘాల బాధ్యులు, ఐటీఐ విద్యార్థుల ముందు ఒక నేత శిక్షకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి బిడ్డా, ఈ పక్క చాప ఖాళీగానే ఉంది. ఇవాళ నేను చెప్పేదాంట్లో మీరు వినాల్సినవే ఎక్కువ.

పోయిన నెల మా ఊళ్లో తమ్ముడి వరసయ్యే ఒకాయన ఇంటికి పోయాను. గుంట మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువుగా పరిచిన పోగులు, అయిపోయి, చివర మూరెడు పోగులు మాత్రం వేలాడుతున్నాయి. కొత్త పడుగు రంగులేసి, ఆరబెట్టి, చుట్టి పక్కన పెట్టి ఉంది. పట్టు కోసం తెచ్చిన అప్పు మీద మిత్తి నడుస్తోంది. మగ్గం తొమ్మిది రోజులుగా ఆగి ఉంది. ఎందుకు? అతికేవాళ్లు దొరకలేదు.

చేనేత ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, తెలియని పిల్లల కోసం చెప్తాను. పాత పడుగు అయిపోతే పన్నెలో, అంటే పోగులను వరసగా పట్టి ఉంచే దువ్వెన లాంటి చట్రంలో, మిగిలిన ఒక్కో పోగుకు కొత్త పడుగు పోగును ఒక్కోటిగా కలపాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి లాగుతారు. పట్టుచీర పడుగులో వేల పోగులుంటాయి. ఒక్కటి వదిలినా, ఒక్కటి పక్కదానితో మారినా చిటికి, అంటే పోగులను కట్టి రంగులేసి తెచ్చిన డిజైను, చెదిరిపోతుంది. రోజంతా మెడ వంచి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ చేసే పని. మా ఊళ్లో ఇది వచ్చినవాళ్లు ఇద్దరే ఆడవాళ్లు మిగిలారు. ఒకామెకు కంటి ఆపరేషన్ అయింది. రెండో ఆమె బిడ్డ కాన్పుకు నగరం పోయింది. ఆ ఇద్దరూ లేకపోతే నేసే చేతులున్నా మగ్గం నడవదు.

నైపుణ్యం కొరత అని మీటింగుల్లో పెద్ద మాట వాడతాం. నాకు ఆ మాట వింటే ఆ తొమ్మిది రోజుల మగ్గమే కనబడుతుంది. కొరత అంటే ఊరంతా పనివాళ్లు లేకపోవడం కాదు. ఆసు (మేకుల చుట్టూ పోగు పోయడం), చిటికి, రంగు, అతుకు, నేత అన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచే పనులు. మధ్యలో ఒక పని తెలిసినవాళ్లు కరువైతే ముందున్న పనీ ఆగుతుంది, వెనకున్న పనీ ఆగుతుంది.

లెక్కలు కూడా ఒకసారి చెప్పుకుందాం. దేశంలో చేనేత పనివాళ్లు 1995–96 లెక్కల్లో 65 లక్షల పైన ఉన్నారు. 2009–10లో 43 లక్షలు. 2019–20లో జరిగిన నాలుగో చేనేత గణనలో 35 లక్షలు. అదే గణనలో చేనేత ఇళ్లలో మూడింట రెండొంతుల మందికి నెలకు 5,000 రూపాయలు కూడా రావడం లేదని తేలింది. ఈ రెండు లెక్కలనూ విడదీసి చూడొద్దు. రెండోదాన్ని పక్కనపెట్టి మొదటిదాని గురించే మాట్లాడేవాళ్లు "పిల్లలకు ఓపిక లేదు, ఫోన్లకు అలవాటు పడ్డారు" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇరవై ఆరేళ్లు పిల్లలకు పని నేర్పాను. ఓపిక లేని పిల్లను ఒకరిద్దరిని చూసుంటాను. ఛార్జీలకు పైసలు లేక మానేసిన పిల్లలను మాత్రం లెక్కపెట్టలేను.

అసలు మారింది ఏమిటో చూడండి. మా నాయిన ఎనిమిదేళ్లకే కండెలు, అంటే పోగు చుట్టే చిన్న గొట్టాలు, చుట్టాడు. పన్నెండేళ్లకు గుంటలో కాళ్లు పెట్టాడు. పద్దెనిమిది వచ్చేసరికి పనితనం ఉన్న నేతగాడు, పెళ్లికి కూడా ఎదిగినవాడు. ఆ పదేళ్ల నేర్పుకు ఎవరూ ఒక్క పైసా లెక్క రాయలేదు. తిండి ఇంట్లోదే, చెడిపోయిన పోగు ఇంట్లోదే, తిట్లూ ఇంట్లోవే. పిల్లవాడి చెయ్యి కుదిరాక వచ్చే కూలీ ఆ ఇంటికే చేరేది కాబట్టి ఆ తండ్రికి నేర్పిన కష్టం తిరిగొచ్చినట్టే.

ఇప్పుడు మన పిల్లలు బడికి పోతున్నారు. మంచిదే. పద్నాలుగేళ్ల లోపు బిడ్డను గుంటలో కూర్చోబెట్టాలని కోరుకునేవాళ్లు ఈ సభలో ఎవరూ లేరు, ఉండకూడదు. కానీ దాంతో ఏం జరిగిందంటే, నేర్చుకునే ఏళ్లు జరిగి జరిగి సంపాదించే ఏళ్ల మీద వచ్చి పడ్డాయి. ఇంటరు అయ్యాక పద్దెనిమిదేళ్లకు పిల్లవాడు మగ్గం దగ్గరికి వస్తే, చెయ్యి కుదరడానికి రెండేళ్లు, చిటికి డిజైను సొంతంగా కట్టడానికి మూడు నాలుగేళ్లు. ఆ ఏళ్లంతా వాడికి ఏం వస్తుంది? చీరకు ఇంత అని కూలి. చీర దిగకపోతే సున్నా. అదే పిల్లవాడు ఇక్కడే చౌటుప్పల్ చుట్టూ ఉన్న మందుల కంపెనీల్లో ఒకదాంట్లో చేరితే మొదటి నెల నుంచే జీతం. హైవే ఎక్కితే గంటన్నరలో హైదరాబాదు. వాడు పోవడంలో తప్పేముంది? ఆ వయసులో నేనైనా పోయేదాన్ని.

ఇది నేర్చుకునేవాడి సంగతి. నేర్పేవాడి సంగతి ఇంకా ఎవరూ మాట్లాడరు. ఇందాక నేను చెప్పిన ఆ తమ్ముణ్ణే మొన్న అడిగాను: "ఒక పిల్లను పంపిస్తాను, నేర్పుతావా?" అని. అతను నవ్వలేదు, కోపం చెయ్యలేదు. "అక్కా, ఆ పిల్లకు ఒక పూట చూపిస్తే నా చీర ఒక పూట ఎనకపడ్తది. ఆ పూట కూలి నాకెవరిస్తరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ మాటే చెవుల్లో తిరిగింది. కొరతకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం. చీర లెక్కన కూలి ఇచ్చే పనిలో నేర్పడానికి వెచ్చించే ప్రతి గంటా గురువు జేబులోంచే పోతుంది. తన కొడుక్కు అయితే ఆ నష్టం భరిస్తాడు. పక్కింటి పిల్లకు ఎందుకు భరించాలి?

పోగు నష్టం కూడా ఉంది. నేర్చుకునే చెయ్యి పోగు తెంపుతుంది, అంచు వంకర పోతుంది, పన్నె దెబ్బ ఒకచోట గట్టిగా, ఇంకోచోట లూజుగా పడుతుంది. తప్పులు చేయకుండా ఎవరికీ పని రాలేదు. పట్టు ధర ఇవాళ ఎలా ఉందో మీకు తెలుసు. చెడిన చీరను షావుకారు సగం కూలికి తీసుకుంటాడు, లేదంటే తీసుకోనే తీసుకోడు. ఆ భయంతో ఏం చేస్తారంటే కొత్తవాళ్లను అసలు మగ్గం ఎక్కనివ్వరు. కండెలు చుట్టమంటారు, నీళ్లు తెమ్మంటారు. నేర్చుకోవడం అంటే అదే అనుకుని ఆ పిల్ల ఆరు నెలలు చూసి వెళ్లిపోతుంది.

నాకూ ఇలాంటిదే జరిగింది. ఇరవై రెండేళ్ల వయసులో ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. పేరెందుకులే. నాలుగు నెలల కోర్సు. మేము ఇరవై నాలుగు మందిమి, నడిచే మగ్గం ఒక్కటి. మిగతా రెండింటికి పన్నెలు లేవు. రోజులో ఒకరికి అరగంట కూడా దక్కేది కాదు. మిగిలిన సమయం నోట్సు రాసుకోవడమే. పడుగు అంటే నిర్వచనం, పేక (అడ్డంగా నేసే పోగు) అంటే నిర్వచనం. నేను పడుగు మధ్యే పుట్టినదాన్ని, నాకు పడుగు నిర్వచనం రాయించారు! చివరి రోజు ఫొటో దిగి సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ కాగితం చూసి నాకు ఎవరూ మగ్గం ఇవ్వలేదు. ఆ తర్వాత మా మేనమామ భార్య దగ్గర కూర్చుని ఏడాదిన్నర నేర్చుకున్నాను. మా అత్తమ్మ బడికి పోలేదు. పన్నె శబ్దం వింటే చాలు, చూడకుండానే "పేక లూజైంది, చూసుకో" అనేది. నాకు పని వచ్చింది ఆమె దగ్గర. ఆమెకు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

మా అమ్మ గురించి కూడా చెప్పాలి. అమ్మ ఆసు పోసేది. మేకుల చుట్టూ పోగును చేత్తో పైకీ కిందికీ తిప్పుతూ ఉండాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరుగుతుందని లెక్కగట్టారు. నలభై దాటేసరికి అమ్మ కుడి భుజం లేచేది కాదు, జడ కూడా మేమే వేసేవాళ్లం. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం కూడా తల్లి అదే నొప్పి పడటం చూశారు. బడి మధ్యలో మానేసినాయన, ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చాక నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. మన ఆడవాళ్ల భుజాలు మిగిలాయి.

ఐటీఐ పిల్లలూ, ఇక్కడే మీకు పని ఉంది. ఊళ్లలో ఆసు యంత్రం మోటరు పోతే, కంట్రోల్ బోర్డు కాలిపోతే బాగుచేసేవాళ్లు దగ్గర్లో లేరు. జాకార్డు, అంటే చిల్లుల కార్డులతో డిజైను నేయించే పరికరం, బిగించేవాళ్లూ, దాని కార్డులు కొట్టేవాళ్లూ తక్కువే. మీరు నేర్చిన ఎలక్ట్రీషియన్ పనికీ, ఫిట్టర్ పనికీ మగ్గం ఇళ్లలో చోటుంది. చేనేత అనగానే నేయడం ఒక్కటే అనుకోవద్దు. ఆరునెలలు ఒక ఆసు యంత్రాల మెకానిక్ వెంట తిరిగితే, పది ఊళ్లకు మీరే దిక్కవుతారు.

ఇప్పుడు చట్టం సంగతి. అప్రెంటిస్ అంటే పనిచోటే ఉండి పని నేర్చుకునేవాళ్లు. వాళ్ల కోసం మన దేశంలో అప్రెంటిస్ చట్టం 1961 నుంచే ఉంది. 2019లో నియమాలు సవరించారు. ముప్పై మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థ ఏదైనా అప్రెంటిస్‌లను పెట్టుకుని తీరాలి, మొత్తం పనివాళ్లలో రెండున్నర శాతం నుంచి పదిహేను శాతం దాకా. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్నవాళ్లు ఇష్టమైతే పెట్టుకోవచ్చు. ఆ సవరణలోనే నెలకు కనీస భృతి కూడా పెంచారు. అప్పటి లెక్కన ఐదు నుంచి తొమ్మిది దాకా చదివినవాళ్లకు 5,000, పది పాసైనవాళ్లకు 6,000. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో పావు వంతు, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది.

వింటుంటే బాగానే ఉంది కదా. ఇప్పుడు మన ఇళ్లకు తెచ్చి చూడండి. ఒక ఇంట్లో ఒక మగ్గం, ఇద్దరు మనుషులు. నలుగురు అన్న లెక్కకే మనం చేరం. చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు ఫ్యాక్టరీ ఉంది, గుంట మగ్గం లేదు. సమర్థ్ పథకం ఉంది, 2017 నుంచి జౌళి శాఖ నడుపుతోంది, చేనేతకు కూడా వర్తిస్తుంది. అయితే అది శిక్షణ, కొన్ని వారాల్లోనో నెలల్లోనో అయిపోతుంది. కండె చుట్టడం వారంలో వస్తుంది. చిటికి కట్టడం అన్ని రోజుల్లో రాదు. గ్రాఫు చూసి పోగులను కట్టలుగా విడదీసి, సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో ఎక్కడ కట్టాలో, ఏ రంగు తర్వాత ఏ కట్టు విప్పాలో చేతికి అలవాటు కావాలి. పడుగూ పేకా రెండూ కట్టి నేసే డబుల్ ఇక్కత్‌లో అయితే రెండు వైపులా కట్టిన పువ్వు మగ్గం మీద ఒకచోట వచ్చి కూర్చోవాలి. అది కొన్ని వారాల్లో వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

అందుకే నా మాట ఏంటంటే, మన దగ్గర సంస్థగా నిలబడాల్సింది సహకార సంఘం. ఇల్లు చిన్నదే, సంఘం చిన్నది కాదు. సంఘం పేరు మీద అప్రెంటిస్‌ను చేర్చుకుని, సంఘంలోని ఒక నేతగాడి ఇంట్లోనో, చిటికి కట్టే అక్క దగ్గరో, రంగులేసే అన్న దగ్గరో కూర్చోబెట్టాలి. భృతి నేర్చుకునే పిల్లకు. దాంతోపాటు నేర్పే గురువుకు నెలకు ఇంత అని విడిగా ఇవ్వాలి. ఈ రెండోది చట్టంలో లేదు. మనం అడిగి తెచ్చుకోవాలి. అది వచ్చేదాకా సంఘమే ఎంతో కొంత పెట్టాలి. నేర్పే నెలల్లో గురువు ఒక చీర తక్కువ దింపినా అతని ఇల్లు గడవాలి. చెడిన పోగుకు కూడా సంఘం దగ్గర కొంత సొమ్ము పక్కన పెట్టాలి. మొదటి మూడు నెలలు నూలు మీదే నేర్పండి, పట్టు జోలికి పోవద్దు. పాత పడుగు ముక్కలు మిగులుతాయి కదా, అతుకు నేర్చుకోవడానికి అవే చాలు.

సంఘాల బాధ్యులు తలలూపుతున్నారు, సంతోషం. కానీ ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. అప్రెంటిస్ పేరు చెప్పి చౌకగా పని చేయించుకున్న చరిత్ర కూడా మన దేశంలో ఉంది. తమిళనాడు నూలు మిల్లుల్లో సుమంగళి అని ఒక పద్ధతి నడిచింది. పేదింటి ఆడపిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుని, హాస్టళ్లలో ఉంచి, మూడేళ్లు పనిచేస్తే పెళ్లి ఖర్చుకు ఒకేసారి సొమ్ము ఇస్తామనేవాళ్లు. మధ్యలో జబ్బు చేసి మానేసిన పిల్లకు ఆ సొమ్ము అందలేదు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, నేర్చుకునేవాడు. ఆ సందులోంచే ఇవన్నీ దూరతాయి. కల్వకుర్తి దిక్కు నూలు మిల్లులున్నాయి, అక్కడికి మన పిల్లలు పోతారు, పోవాలి కూడా. నూలు వడికే రింగు ఫ్రేము దగ్గర సైడర్ పని, అంటే ఆ మెషీను చూసుకుంటూ తెగిన పోగులు కలిపే పని, నేర్చుకున్నా మంచిదే, మెయింటెనెన్స్ నేర్చుకున్నా మంచిదే. కానీ ఒప్పందం కాగితం రాయించుకుని, ఏ నెలలో ఏ పని నేర్పుతారో అందులో ఉందో లేదో చూసుకుని, భృతి నెలనెలా బ్యాంకులో పడుతుందంటేనే చేరండి. ఆరు నెలలైనా అదే మూల ఊడ్పిస్తుంటే మాకు చెప్పండి. తల్లిదండ్రులు కూడా నెలకోసారి పోయి చూడండి.

గద్వాలలో ఇంకో రకం ఇబ్బంది. అక్కడి చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకూ పట్టుకూ మధ్య పేక ముడిపడాలంటే మూడు నాడెలతో, అంటే పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే పరికరాలతో, నేయాలి. పక్కన రెండో మనిషి కూర్చోవాలి. ఒకప్పుడు ఆ రెండో మనిషి ఇంట్లో పిల్లవాడే. ఇప్పుడు వాడు బడికి పోతున్నాడు, భార్య కూర్చుంటుంది, లేదంటే కూలికి మనిషిని వెతకాలి. ఆ రెండో చోటును అప్రెంటిస్ చోటుగా మార్చాలని నా కోరిక. పక్కన కూర్చుని నాడె విసురుతున్నప్పుడే నేత కంటికి పడుతుంది, చేతికి అందుతుంది. నారాయణపేటలో ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు నేస్తారు. మొదటి చీర గురువు, చివరి చీర శిష్యుడు నేసినా ఆ పడుగు నష్టపోదు. ఎక్కడి పద్ధతిలో అక్కడే నేర్పడానికి చోటుంది, వెతికితే దొరుకుతుంది.

నాకు అన్నింటికన్నా ఎక్కువ దిగులు రంగుల గురించి. నేయడానికి వచ్చేవాళ్లైనా పది మందిలో ఒకరుంటారు, రంగులకు ఒక్కరూ రారు. వేడి నీళ్లు, కాస్టిక్ సోడా, హైడ్రోసు లాంటి రసాయనాలు, పొగ, చేతులు నల్లబడతాయి, పిల్లనిచ్చేవాళ్లు కూడా వెనకాడతారు. రంగు అన్నకు కొలతలు పుస్తకంలో ఉండవు, చిటికెతో వేస్తాడు, నీళ్లు ఏ బోరువో తెలుసుకుని ఎక్కువ తక్కువ చేస్తాడు. ఆయన పోతే ఆ చిటికె కూడా పోతుంది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి తయారుచేస్తారు. అందుకే ఆ గుడ్డకు ఆ వాసన, ఆ ఎరుపు. గజం గోవర్ధన్, గజం అంజయ్య గార్ల చేతుల మీదుగా ఆ ఊరికి పద్మశ్రీలు వచ్చాయి. ఆ పనిని కాపాడింది పద్మశ్రీ కాదు, వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్న మనుషులు. రసాయన శాస్త్రం చదివిన డిగ్రీ పిల్లను ఒక్కదాన్ని రంగు అన్న పక్కన ఏడాది కూర్చోబెట్టి, ఆ చిటికెను గ్రాముల్లో రాయిస్తే ఎంత బాగుంటుంది! గ్లౌజులు, మాస్కు, గాలి వచ్చే షెడ్డు ముందు. అవి లేకుండా ఏ పిల్లనూ అక్కడికి పంపను.

2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద మన రాష్ట్రానికి చేనేత సాంకేతిక సంస్థ వచ్చింది. అంతకుముందు ఆ డిప్లొమా కోసం మన పిల్లలు వేరే రాష్ట్రాలకు పోయేవాళ్లు. చాలా మంచి పని. అక్కడ చదివిన పిల్లలు డిజైనర్లవుతారు, అధికారులవుతారు. వాళ్లు గీసిన డిజైను నేయాలంటే మాత్రం ఎవరో ఒకరు పడుగు అతకాలి. ఆ అతికే చెయ్యి మన ఊళ్లోనే తయారవ్వాలి.

ఒక అక్క చీటీ పంపింది: "ఆడపిల్లలకు మగ్గం పని ఇస్తరా?" అని. అక్కా, మన దగ్గర కండెలు, ఆసు, చిటికి, అతుకు సగానికి పైగా ఆడవాళ్లే చేస్తున్నారు. చేసినా ఇంటి పని కింద జమకట్టారు తప్ప పనితనం కింద లెక్కపెట్టలేదు. అప్రెంటిస్ పుస్తకంలో "పడుగు అతకడం" అని ఒక పని పేరు రాసి, దాని ఎదురుగా ఒక ఆడమనిషి పేరు గురువుగా రాస్తే, ఆ రోజు నుంచి ఆమెకు గురువు అన్న హోదా వస్తుంది. నేను మొదట అడుగుతున్నది అదే.

కాబట్టి మేము ఒకటి మొదలుపెడుతున్నాం. కంటి ఆపరేషన్ అయిన ఆ అక్కను మొన్న పోయి కలిశాను. డాక్టరు ఇంకో నెల పని చెయ్యొద్దన్నాడు. "చెయ్యను గానీ పక్కన కూసోని చెప్తా" అన్నది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ముగ్గురు పిల్లలు ఆమె దగ్గరికి పోతారు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. ముగ్గురి భృతిలో సగం, ఆ అక్కకు నెలకు ఇవ్వాల్సింది మొత్తం, ఒక సంఘం ఒప్పుకుంది. మిగతా సగం మా పాత శిష్యులు నలుగురు కలిసి పెడుతున్నారు. ఆరు నెలలకు. ఏడో నెల సంగతి ఆ ముగ్గురి చేతులు చూశాక మాట్లాడుకుందాం.

ఆ గుమ్మం పక్క బల్ల మీద ఒక లాంగ్ బుక్ పెట్టాను. నేర్చుకోవాలనుకునే పిల్లలు ఒక పక్క రాయండి. రెండో పక్క పెద్దవాళ్ల కోసం. మీ పేరు, ఊరు, మీకు వచ్చిన పని, ఎంతమందికి నేర్పగలరో, ఆ పూటకు మీకు ఎంత కావాలో మొహమాటపడకుండా రాయండి. రాయడం రానివాళ్లకు ఈ ఐటీఐ పిల్లలు రాసిపెడతారు. పెన్ను దారం కట్టి అక్కడే ఉంది.